కత్తెరమ్మ ఊపిరి

నాకు అక్షరాలు వచ్చింది బాగా పెద్దయ్యాక. రాయడం నిదానం, ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతుంటాయి. తప్పున్నచోట మన్నించి, సర్దుకుని చదువుకోండి.

పొద్దున్నే కత్తెరమ్మ వీధి గది తలుపు తోసేసరికి నేల మీద అయిదారుగురు ఆడవాళ్ళు వెల్లకిలా పడుకుని ఉన్నారు. కళ్ళు మూసుకున్నారు, కదలిక లేదు. మధ్యలో కోడలు కూర్చుని, పసిపిల్లని నిద్రపుచ్చే గొంతుతో, "పాదాలు వదిలేయండి... మోకాళ్ళు వదిలేయండి..." అంటోంది.

"అన్నీ వదిలేస్తే ఇళ్ళకి ఎలా వెళ్తారే!" అంది కత్తెరమ్మ గుమ్మంలోంచే.

ఒకావిడ పొట్ట అదిరింది. ఇంకొకావిడ కిసుక్కుమంది. ఆ పూటకి యోగా క్లాసు అయిపోయింది.

కోడలు ఆ గదిని వాడుకునేది పొద్దున కాసేపే. చాపలు చుట్టి మూలన పెట్టాక, గోడవారగా ఉన్న పొడవాటి బల్ల మళ్ళీ కత్తెరమ్మ రాజ్యం. పెళ్ళి కాకముందు నుంచీ ఆవిడది కుట్టుపనే. భర్త పోయాక కొడుకుని పెంచిందీ, ఇల్లు నిలబెట్టిందీ ఆ బల్లే. కోటు కత్తిరించాలంటే ఆవిడే కత్తిరించాలని వీధంతా అంటుంది. అసలు పేరు ఎవరికీ గుర్తు కూడా లేదు.

అలాంటి చెయ్యి ఈమధ్య వణుకుతోంది. కత్తెర పట్టిన కాసేపటికే కళ్ళు తిరగడం, గుండె దడ. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, "గుండెకేం లేదమ్మా, కంగారు తగ్గించుకోండి" అని పంపేశాడు. కంగారు ఏ కొట్లో తగ్గిస్తారో ఆయన చెప్పలేదు.

ఆ రోజు దాచుకోలేని పొరపాటు జరిగింది. తపాలా ఆఫీసులో పనిచేసే అమ్మగారి కూతురు ఉద్యోగంలో చేరబోతోంది, ఆ పిల్ల కోసం కోటు. గుడ్డ మందం కాబట్టి మడిచి కోటు చేతులు రెండూ ఒకేసారి కొయ్యడానికి లేదు. ఒకటి కోశాక, రెండోదానికి నమూనా కాగితం తిరగేసి పెట్టాలి. కళ్ళు తిరుగుతున్న తొందరలో కత్తెరమ్మ తిరగెయ్యలేదు. పక్కపక్కన పెట్టి చూసుకుంటే రెండూ ఎడమ చేతివే.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కొడుకు కంట పడనే పడ్డాయి. బస్సు డ్రైవరు, చూపు చురుకు.

"ఏంటమ్మా ఇవి?"

"కోటు చేతులు."

"ఆ పిల్లకి కుడి చెయ్యి లేదా?"

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఇంక చాలమ్మా. మొన్న స్టూలు మీద కూలబడ్డావట, పక్కింటావిడ చెప్పింది. కత్తెరతో సహా పడితే? ఒక కుట్టుపనాయన ఈ బల్ల ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఆదివారం వచ్చి చూసుకోమన్నాను."

"నా బల్ల అమ్మడానికి నువ్వెవడివిరా?"

"నీ కొడుకుని."

"కొడుకువైతే అన్నం తిని బస్సు తోలుకో! నా దడకి కారణం నీ పెళ్ళాం. పొద్దున్నే ఇంట్లో మనుషుల్ని వరసగా పడుకోబెడితే దడ రాక ఇంకేమొస్తుంది?"

కోడలు వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "అత్తయ్యా, ఒక్క మాట అడుగుతాను, తిట్టకండి. కత్తిరించేటప్పుడు మీరు ఊపిరెందుకు బిగబడతారు?"

"బిగబట్టక? మా నాన్న నేర్పిన పద్ధతి అది. ఊపిరి తగిలితే సుద్ద గీత చెదురుతుందని, వదిలితే చెవి మెలిపెట్టేవాడు."

"గీత మొదట్లో బిగబట్టి చివరిదాకా వదలరు. వంటింట్లోంచి చూస్తుంటే, మీరు వదిలేదాకా నాకూ ఊపిరాడదు! ఒళ్ళేమో పని చేస్తుంటుంది, ఊపిరేమో ఆగిపోతుంది, ఇంక మనసు బెదిరిపోక ఏం చేస్తుంది? ఆ మూడూ కలిసి నడవాలత్తయ్యా. నా క్లాసులో నేర్పేది అదే."

"పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తున్నాను, నువ్వొచ్చి నేర్పాలా!" అంటూ కత్తెరమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మంచం మీద కూర్చుని, ఎవరూ చూడటం లేదు కదా అని, ఉత్త చేతుల్తో గాలిలో కత్తెర ఆడించి చూసింది. ఊపిరి టక్కున ఆగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడూ ఇంతే. కొడుకు బస్సు ఆలస్యమైన రోజూ ఇంతే. భర్త పోయిన రోజున బిగబట్టింది అసలు వదిలిందా? ఆవిడకి గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున చివరి చాప మీద కత్తెరమ్మ ఉంది. "నవ్వినవాళ్ళ బట్టలు బిగుతుగా కుట్టేస్తా" అని ముందే చెప్పింది. చేతులెత్తుతూ పీల్చమంటే వదిలింది, దించుతూ వదలమంటే పీల్చింది. కోడలు వచ్చి వీపు మీద చెయ్యి ఆనించి, "నా చేతిని ఊపిరితో నెట్టండత్తయ్యా" అంది. నెట్టింది. ఎక్కడో అడుగున ముడిపడి ఉన్నదేదో జారినట్టయింది. పడుకున్నాక కన్నీళ్ళు పక్కలకి జారి చెవులు తడిసిపోయాయి. బాధేం లేదు, హాయిగా ఉంది. ఆ హాయిలోనే గురక పెట్టింది. రోజూ అంతే: ముందు కన్నీళ్ళు, తర్వాత గురక. తర్వాత్తర్వాత గురకొక్కటే.

ఆదివారం బల్ల కోసం కుట్టుపనాయన వచ్చేసరికి, దాని మీద మిగిలిన గుడ్డ పరిచి ఉంది. సరిగ్గా ఒక్క కుడి చేతికే సరిపోతుంది. ఇది చెడితే మళ్ళీ గుడ్డ లేదు.

"అమ్మా, ఇప్పుడా..." అన్నాడు కొడుకు.

"ఇప్పుడే."

కోడలు బల్లకి అటువైపు నిలబడి, తనే కోస్తున్నట్టు నిండుగా ఊపిరి తీసుకుంది. అత్తా తీసుకుంది. కత్తెర నోరు తెరిచినప్పుడు పీల్చడం, గుడ్డలో నడిచినప్పుడు వదలడం. సుద్ద పొడి కొంచెం లేచింది, గీత మాత్రం చెక్కు చెదరలేదు. మలుపు దగ్గర చెయ్యి ఒక్కసారి తడబడింది. ఆగింది, పీల్చింది, మళ్ళీ కదిలింది. ముక్క తెగి బల్ల మీద ఒరిగింది. కుడి చెయ్యి! అసలు సిసలు కుడి చెయ్యి!

గుమ్మంలో కొడుకు కొయ్యబారి ఉన్నాడు.

"ఊపిరి వదలరా, పడిపోతావు!" అంది కత్తెరమ్మ.

వాడు వదిలాడు. ఊపిరితో పాటు ఏడుపూ వచ్చేసింది. "నువ్వు పడిపోతావనే భయమమ్మా నాకు... బల్ల మీద పగ కాదు."

"తెలుసురా పిచ్చి నాన్నా." వాడి తల నిమిరి, వచ్చినాయన వైపు తిరిగింది. "బల్ల అమ్మటం లేదు బాబూ. టీ తాగి వెళ్ళు." ఆయన కత్తిరింపు వంక చూసి, "ఇలాంటి చెయ్యి ఉండగా నేనైనా అమ్మనమ్మా" అన్నాడు.

టీ కోసం వెళ్ళబోతున్న కోడలి కొంగు పట్టుకుని ఆపింది కత్తెరమ్మ. "టీ వాడు పెడతాడులే. నువ్విలా నిలబడు. ఇన్నేళ్ళలో నీకొక్క బట్ట కుట్టలేదే నేను."

కొలత టేపు ఛాతీ చుట్టూ వేసింది. కోడలు అలవాటుగా బిగుసుకుని నిలబడింది.

"అలా కాదే. నిండుగా పీల్చు," అంది అత్త, టేపు వదులు చేస్తూ. "ఊపిరికి చోటుంచి కుడతాను."

— బుల్లెమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు చిన్న కూతురి ఇంట్లో, మేడమీది గదిలో ఉంటున్నాను.