ట్రోమ్సోకి ఒక సీల్డ్ పార్శిల్

"పసుపు ఆరిందా?"

ఫోన్‌లో ఆ గొంతు వినగానే ఏజెంట్ లింబాద్రి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. వద్దు. ఇవాళ వద్దు. కానీ కోడ్ అడిగితే జవాబు చెప్పాల్సిందే.

"పైన ఆరింది సార్. లోపల పచ్చిగనే ఉంది."

లైన్ సెక్యూర్. చీఫ్ భూపతి గొంతు సవరించుకున్నాడు. "లింబాద్రీ, లీవ్ క్యాన్సిల్."

ఆ మాట వినేసరికి లింబాద్రి ఒంటి మీద థర్మల్ ఇన్నర్, దాని మీద ఉన్ని స్వెటర్, దాని మీద మోకాళ్ల దాకా ఎర్ర జాకెట్ ఉన్నాయి. డిసెంబర్ అయినా ఆర్మూర్‌లో మధ్యాహ్నం మధ్యాహ్నమే. చెమట వెన్నులోంచి కాలువ కట్టింది. ఎదురుగా సూట్‌కేస్ మీద కూర్చుని జిప్పుతో యుద్ధం చేస్తున్న భార్య పూజిత తలెత్తి చూసింది.

"ఎవరు?"

"ఆఫీస్. తుఫాను గురించి," అంటూ అతను దాబా మీదికి పరిగెత్తాడు.

ఇంట్లోవాళ్లకీ ఊరికీ లింబాద్రి వాతావరణ శాఖలో ఆఫీసర్. గూఢచారి బ్యూరోలో అతని అసలు ఉద్యోగం తెలిసినవాళ్లు దేశం మొత్తంలో ఒక ఆటోలో పడతారు. ఆ ఉద్యోగం మింగేసిన సెలవులు మాత్రం ఆటోలో పట్టవు. హనీమూన్‌కి కశ్మీర్ వెళ్తూ జమ్మూలోనే వెనక్కి తిరిగారు. డార్జిలింగ్‌లో పూజిత ఒక్కతే టీ తాగింది. ఈసారి ఆమె పట్టు పట్టింది. నార్వేలో ఉత్తర ధ్రువం వైపున్న ట్రోమ్సో అనే ఊరు. సూర్యుడే రాని చలికాలం, ఆకాశంలో పచ్చటి వెలుగులు, కుక్కలు లాగే బండి. వీసా నుంచి అద్దాల కప్పున్న గుడిసె దాకా అన్నీ ఆమే బుక్ చేసింది. నిన్ననే నిమ్మళంగా చెప్పింది: "ఈపారి నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే పోత. పోయినంక తిరిగొస్తనో లేదో నాకే ఎరుకలేదు."

"సార్, టికెట్లు రిఫండ్ కావు," అన్నాడు లింబాద్రి. పెళ్లి కూడా, అని మనసులో అనుకున్నాడు.

"బ్రీఫింగ్ విను. ఫ్రాస్ట్ రింగ్. ఫారిన్ ముఠా. హైదరాబాద్ ల్యాబ్ నుంచి మిస్సైల్ గైడెన్స్ చిప్ కొట్టేశారు. ప్రోటోటైప్. ఒకటే పీస్. ఇవాళ ఆర్మూర్ నుంచి ట్రోమ్సో వెళ్తోంది."

"సార్, నేను కూడా..."

"తెలుసు. అందుకే కేసు నీకిచ్చాను. సాయంత్రం ఎయిర్‌పోర్ట్ బస్సు కదిలేలోపు కొరియర్‌ని పట్టుకో. పట్టుకుంటే అదే బస్సెక్కు, లీవ్ మళ్లీ శాంక్షన్. ఆపరేషన్ నడిపించేది దివ్యశ్రీ."

"మన దివ్యశ్రీయా?"

"మనదో, వాళ్లదో. ఆమెకే క్లారిటీ లేదు." ఫోన్ కట్టయింది.

కిందికి దిగితే ఇంట్లో జాతర. లింబాద్రి విమానం ఎక్కుతున్నాడని గల్లీ అంతా తెలిసిపోయింది. ఆర్మూర్‌లో విమానం ఎక్కేవాడంటే ఊరుమ్మడి సంచి. తల్లి సత్తవ్వ గడప దగ్గర కూర్చుని పార్శిళ్లు తీసుకుంటోంది.

"అవ్వా, మేం పోయేది దుబాయ్ గాదు, నార్వే!"

"నడుమ ఖతార్ల దిగి ఇమానం మారుతరట గద కొడుకా? గాడికే మస్తుమంది వస్తరు తీస్కపోనీకి."

పక్కింటామె సకినాల డబ్బా విప్పి, అందరి ముందూ ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. డబ్బాను బోర్లించి చూపించింది. అప్పుడు పూజిత తన చేత్తో మళ్లీ సర్ది, తన టేపుతో అంటించింది. ఆ గల్లీలో అదే చట్టం. ఎవరో ఇచ్చిన మూట విప్పకుండా మోసుకెళ్లి, అందులో అక్కడ నిషేధమైన గసగసాలు దొరికి, గల్ఫ్ జైల్లో ఏళ్లు గడిపినవాడు ఆ వాడకట్టులోనే ఉన్నాడు.

"ఇంక ఎన్ని విప్పుతవ్? టైమ్ వేస్ట్!" విసుక్కున్నాడు లింబాద్రి.

"నువ్వేడికి వోతున్నవ్?"

"గంటల వస్త. చిన్న పని."

పూజిత అతని దగ్గరికొచ్చి జాకెట్, స్వెటర్, ఇన్నర్ విప్పించి, చొక్కా తొడిగి, దాని జేబు సర్దింది. "జల్ది రా. రాకుంటె తెలుసు గద."

తెలుసు. అదే కదా బాధ.

ముందు ట్రావెల్స్. గల్ఫ్ టికెట్లు అమ్మే దేవిదాస్ కంప్యూటర్ చూసి పెదవి విరిచాడు. "ట్రోమ్సోకా? జిల్లా మొత్తంల నువ్వు, మీ ఇంటామె. ఇంకోడు లేడు. అన్నా, మాపు వాన వడ్తదా?"

"పడదు," అన్నాడు లింబాద్రి చిరాకుగా.

తర్వాత పసుపు మార్కెట్. గడ్డం, పెద్ద తలపాగా, పంచె. బ్యూరో మేకప్‌మన్ ఢిల్లీలో నేర్పిన టాప్ క్లాస్ డిస్‌గైజ్. యార్డులో అడుగుపెట్టగానే ఒక హమాలీ బస్తా దించి అరిచాడు.

"ఏం లింబన్నా, గడ్డం వెట్టుకున్నవేంది? నాటకం ఏస్తున్నవా? నార్వేకు పోలేదా ఇంక?"

"లింబన్నా, వాన వడ్తదా?" అన్నాడు ఇంకొకడు.

లింబాద్రి పళ్లు కొరుక్కున్నాడు. అప్పుడే వెనక నుంచి ఖరీదైన అత్తరు వాసన.

"గడ్డం సూట్ కాలేదు, లింబాద్రి."

పట్టుచీర. నల్ల కళ్లద్దాలు. ఎక్స్‌పోర్ట్ మేడమ్ వేషంలో దివ్యశ్రీ. పసుపు దుమ్ము కూడా ఆమె మీద మేకప్‌లా వాలింది.

"చిప్ ఎక్కడ?"

"నేను వాళ్ల సైడ్ వదిలేశాను. నమ్మితే నమ్ము. కొరియర్ అంకాపూర్ రోడ్డు కోల్డ్ స్టోరేజ్‌లో ఉన్నాడు. లోపలి చాంబర్. త్వరగా పోతే నీ బస్సు నీకు దొరుకుతుంది."

ట్రైనింగ్‌లో మొదటి పాఠం: డబుల్ ఏజెంట్ మాట నమ్మకు. కానీ 'నీ బస్సు' అనే మాట దగ్గర లింబాద్రి బుర్ర పనిచేయడం మానేసింది.

కోల్డ్ స్టోరేజ్‌లో చౌకీదార్ లేడు. అంకాపూర్ నాటుకోడి కూర తెమ్మని దివ్యశ్రీ అతన్ని ముందే పంపేసింది. లోపలి చాంబర్ విత్తనాల కోసం కట్టింది, ఎముకలు కొరికే చలి. కప్పు దాకా బస్తాలు. మనిషి జాడ లేదు. వెనక గడియ పడింది.

"చలి కావాలని ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నావుగా!" తలుపు బయట నవ్వు. "హ్యాపీ హాలిడేస్!"

పల్చటి పంచె. పంటి మీద పన్ను నిలవడం లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పరవాలేదు, బ్యూరో ఇచ్చిన లేజర్ వాచ్ ఉంది, ఇనుప తలుపుని వెన్నలా కోస్తుంది. బటన్ నొక్కాడు. స్క్రీన్ మీద అక్షరాలు మెరిశాయి: అప్‌డేట్ అవసరం. వైఫైకి కనెక్ట్ చేయండి.

లింబాద్రి ఆ వాచ్‌ని గోడకేసి కొట్టాడు. తర్వాత తలని.

ఆ దెబ్బకి బుర్ర కదిలింది. తనకి చలి కావాలని దివ్యశ్రీకి ఎలా తెలుసు? జిల్లా నుంచి ట్రోమ్సో వెళ్లేది ఇద్దరే. తను, పూజిత. తను ఇక్కడ బందీ. తను రాకపోయినా పూజిత ఆగదు. కోపంతో ఒక్కతే బస్సెక్కుతుంది, ఊరు ఊరంతా ఇచ్చిన సంచులతో.

కొరియర్ ఎవరో కాదు. తన ఇంటి సూట్‌కేసే!

"పూజితా!" అని తలుపు మీద గుద్దాడు. చేతులు మొద్దుబారాయి. అరిచాడు. గొంతు మొద్దుబారింది. ఎంతసేపు గుద్దాడో తెలియదు. ఇంతలో గడియ ధడేల్‌మంది.

తలుపులో ఎర్ర జాకెట్, ఉన్ని టోపీ, నుదుటి మీద మంచు కళ్లద్దాలు, మెడలో ముక్కు దాకా లాక్కునే ఉన్ని తొడుగు. పూజిత. ఆమె వెనక లగేజీ నిండిన ఆటో.

"నువ్వెట్ల..."

ఆమె అతని చొక్కా జేబులో వేలు పెట్టి, గుండీ అంత బిళ్ల బయటికి తీసింది. "లగేజీ ట్యాగు. సూట్‌కేస్ వోయినా దొరుకుతది గని నువ్వు దొరుకవ్ గద. అందుకే ఒకటి నీకు వెట్టిన. నా ఫోన్ల గీ గోదాం గేటు దాక చూపిచ్చింది. బస్సు వచ్చేటాళ్లకు గోదాంల ఏం జేస్తున్నవ్? గా గడ్డమేంది?"

"నువ్వు గీ బట్టలేంది?"

"సంచుల జాగ యాడుంది? మీ గల్లీలోళ్ల సకినాలే నిండినయ్. ఒంటికే ఏస్కున్న."

"నేను పోయినంక ఎవరన్న పార్శిల్ ఇచ్చిన్రా? నల్లద్దాల మేడమ్?"

"ఇచ్చింది. ట్రోమ్సోల వాళ్ల అక్క ఉంటదట, పసుపు కొమ్ములు. టేపు మీద టేపు, సీలు మీద సీలు. నవ్వొచ్చింది. సీలున్న మూట ఆర్మూర్ల ఎవరన్న ముట్టుకుంటరా? ఆమె కారెక్కంగనే కోసి చూసిన. కొమ్ములే."

"యాడున్నయ్ గవి? సూట్‌కేస్లనా?"

"అత్తమ్మ తీస్కపోయింది. 'పాపం, నార్వేల గిర్ని యాడుంటది, పట్టిచ్చి పంపుదం, పున్నెం' అని."

లింబాద్రి మొహంలో మిగిలిన రక్తం కూడా దిగిపోయింది. దేశంలో ఉన్న ఒకే ఒక్క చిప్ ఈ క్షణాన పిండి గిర్నీలో ఉంది. "ఆటో తిప్పు!"

దారి పొడవునా అతను నిజం చెప్పాడు. మొత్తం. బ్యూరో, మిషన్లు, కశ్మీర్, డార్జిలింగ్. గిర్ని దగ్గర దిగబోతూ పూజిత అంది: "అంటె నువ్వు వాతావరణం సారువి గాదన్నట్టు."

"కాదు."

"గందుకేనా, వాన గురించి ఒక్కనాడన్న సక్కగ చెప్పలే!"

గిర్ని హోరుమంటోంది. ఒక మిషన్లో మిర్చి పట్టుతున్నారు. రెండో దాని దగ్గర సత్తవ్వ. గిర్నాయన ఆమె సంచి ఎత్తి కొమ్ములు పైడబ్బాలో కుమ్మరించేశాడు.

"ఆపు!"

"ఆగు బిడ్డా, లైనుంది," అన్నాడు గిర్నాయన, తల తిప్పకుండా.

లింబాద్రి స్విచ్ మీద దూకాడు. కరెంటు ఆగింది. రాయి ఆగలేదు, ఊపు మీద గిర్రున తిరుగుతోంది. కొమ్ములు ఒక్కొక్కటే జారి నలుగుతున్నాయి. అతను చెయ్యి లోపల పెట్టాడు.

"చెయ్యి తియ్, లింబాద్రి." గుమ్మంలో దివ్యశ్రీ. ఆటోని వెంబడించి వచ్చింది. చేతిలో పిస్టల్. "నీ భార్య బస్సెక్కితే పనైపోయేది. పసుపు పట్టించడమేంటి! ఏం మనుషులు మీరు?"

"ఎవరమ్మా నువ్వు?" అంది సత్తవ్వ తీరిగ్గా. "గీ కొమ్ములు నీయేనా? పట్టుడు కూలి నేనిస్త తియ్, పో."

పూజిత కళ్లద్దాలు కళ్ల మీదికి దించింది. ఉన్ని తొడుగు ముక్కు దాకా లాగింది. కాలితో మిర్చిపొడి బస్తాని ఒక్క తన్ను తన్నింది.

ఎర్రటి మేఘం లేచింది. దివ్యశ్రీ తుమ్మింది. పిస్టల్ పేలి రేకుల కప్పుకి చిల్లు పడింది. ఇంకో తుమ్ము. ఆ పొగలో కళ్లు తెరిచి ఉన్నది ఒక్క పూజితే. నేరుగా నడిచివెళ్లి, పిస్టల్ లాక్కుని, మేడమ్‌ని ఖాళీ గోనెసంచిలో నడుం దాకా దూర్చి, పార్శిల్ టేపుతో చుట్టేసింది.

లింబాద్రికి కళ్లు కనబడటం లేదు. డబ్బా అడుగున వేళ్లు తడుముతున్నాయి. రాయి నోట్లోకి జారుతున్న చివరి కొమ్ము గోటికి తగిలింది. పట్టి లాగాడు. మిగతా కొమ్ములు రాయిలా గట్టివి, ఇది బోలుగా ఉంది. విరిచాడు. లోపల బియ్యపుగింజంత చిప్.

సరిగ్గా అప్పుడే బయట రోడ్డు మీద ఎయిర్‌పోర్ట్ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

తల్లీ, కొడుకూ, కోడలూ ఆ మోత వైపు తిరిగారు. లింబాద్రి కళ్లలో నీళ్లు. మిర్చి వల్లే అనుకున్నారు అందరూ.

చిప్ దొరికిందని బ్యూరోకి కబురు పెట్టగానే ఫోన్ మోగింది. "వెల్‌డన్!" అన్నాడు చీఫ్. "దివ్యశ్రీ కోసం ఫ్రాస్ట్ రింగ్‌వాళ్లు ఆ కోల్డ్ స్టోరేజ్‌కే వస్తారు. లోపల కాపు కాయి. అన్నట్టు, నీ లీవ్ శాంక్షన్ చేశాను. అక్కడ చల్లగా ఉంటుంది కదా, ఎంజాయ్ చెయ్."

ఆ సంగతి పూజితకి ఎలా చెప్పాలో లింబాద్రికి అర్థం కాలేదు. చెప్పాడు. ఆమె చేతికంటిన మిర్చిపొడి దులుపుకుంది. ఆ తర్వాత ఆటోవాడితో అంది: "అంకాపూర్ రోడ్డుకు పోనియ్. సంచులు దించకు."

విత్తనాల చాంబర్‌లో బస్తాల మీద రెండు ఎర్ర జాకెట్లు పక్కపక్కన కూర్చున్నాయి. నోట్లోంచి పొగలు. తలుపు మీద ఎమర్జెన్సీ దీపం పచ్చగా వెలుగుతూ ఆరుతోంది. పూజిత దాన్ని ఫోటో తీసింది. ఖతార్‌కి పోవాల్సిన సకినాల డబ్బా తెరిచి ఒకటి అతని చేతిలో పెట్టింది.

"నువ్వు ఏజెంటువని ముందుగాల్నే చెప్తె, డార్జిలింగ్ల గంతగనం ఏడ్వకపోతుంటి," అంది. కొంచెంసేపటికి అతని భుజం మీద తల ఆనించింది. "గంతట్లనే మాఫ్ చేసిన అనుకోకు. చలివెడ్తుంది, గంతే."

బయట గోదాం లాండ్‌లైన్ మోగింది; చౌకీదార్ రిసీవర్‌ని తలుపు సందులోంచి అందించాడు. సత్తవ్వ.

"కొడుకా, మీరు పోయిన్రనే చెప్పిన గల్లీల. లేకుంటె పార్శిళ్లు వాపస్ అడుగుతరు, ఇజ్జత్ వోతది. గాడ వాతావరణం ఎట్లుందని అందరు అడుగుతున్రు. ఏమని చెప్పాలె?"

లింబాద్రి గోడ మీది మీటర్ చూశాడు.

"నాలుగు డిగ్రీలు అవ్వా. రేపు గూడ నాలుగే. ఎల్లుండి గూడ నాలుగే."

ఉద్యోగంలో చేరిన తర్వాత లింబాద్రి చెప్పిన వాతావరణం తప్పు కాకపోవడం అదే మొదటిసారి.