గొంతుకు సెలవు

పొద్దున్నే జొన్నరొట్టెలు కాలుస్తున్న నిరోషను తండ్రి స్వామిదాసు మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. నాలుగోసారి వంటింటి గడపలోకే వచ్చి, "ఏందే, నోట్లె మన్ను వోసుకున్నవా?" అన్నాడు.

నిరోష పిండి చేతులు తుడుచుకుని ఫోన్‌లో రాసి చూపించింది: 'టీచర్ మూడు రోజులు మాట్లాడొద్దన్నది బాపు. గొంతు వాచింది.'

స్వామిదాసుకు ఒళ్లు మండింది. సాయంత్రమే ఎల్లారెడ్డి చర్చిలో వార్షికోత్సవం. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద కూతురి ఫోటో కూడా పడింది. పాడిస్తానని పాస్టరయ్యకు మాటిచ్చింది తనే.

"కామారెడ్డిల ఆ సాయిలత టీచర్ దగ్గరికి తొమ్మిది శనివారాలు బస్సెక్కి పోయినవు. ఒక్క పాటన్న నేర్పిందా? కింద పండవెట్టి, కడుపు మీద పుస్తకం వెట్టి, ఊపిరి పీల్చుమన్నదట! పుట్టంగనే పీల్చినవు గదనే, అది గూడ ఒగలు నేర్పాల్నా? ఇప్పుడేమో పాడకు, మాట్లాడకు! పాట నేర్పుమంటె పాటనే బంద్ వెట్టిచ్చే టీచర్ను నేనేడ సూడలె."

నిరోష మళ్లీ రాయబోయింది. ఆయన ఫోన్ గుంజుకున్నాడు.

"దేవుడిచ్చిన గొంతుకు ట్యూషనేంది? మిరియాల కషాయం తాగి పాడు. పాడంగ పాడంగ అదే తెరుసుకుంటది."

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న పోచవ్వ చేటను పక్కకు నెట్టింది. స్వామిదాసు తల్లి ఆమె. మాట ఎప్పుడూ రంపం కోసినట్టు గరగరమంటుంది, దగ్గరుంటే తప్ప అర్థం కాదు. అందుకే లేచి కొడుకు ఎదుటికే వచ్చింది.

"జలుబున్న పోరిని నాలుగిండ్ల ప్రార్థనలకు తిప్పి, ఇంకింత గట్టిగ, ఇంకింత గట్టిగ అని పాడిచ్చిందెవలురా? మొన్న ఈస్టర్‌కు ఇదే పిల్ల మెడ నరం తేలకుంట పాటంత పాడింది. ఆ టీచర్ నేర్పిన ఊపిరే అది. చెవులున్నయి గని నువ్వు వినవు."

"నువ్వూకో అవ్వా. నీకెవలు నేర్పిన్రు? మూడూర్ల పెండ్లిండ్లకు నిన్నే పిలుస్తుండిరి. దిష్టి తగలకపోతే ఇప్పటికీ..."

"దిష్టా?" పోచవ్వ కళ్లు ఎర్రబడ్డాయి. "నా గొంతును దిష్టి తినలేదురా, మీరు తిన్నరు! నీ పెండ్లికి నాకు దగ్గు, జెరం. పిల్లదిక్కోళ్లు పాటల మనల్ని మించుతున్నరని మీ నాయిన నన్ను లేపి నిలవెట్టిండు. తగ్గొద్దు పోచీ, తగ్గొద్దు అని. బ్యాండ్ మోత మీదికెల్లి పాడిన. ఉమ్మితే నెత్తురు వడ్డది. తెల్లారి మాట లేదు. మీరేమో నా చుట్టు మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసిన్రు. ఇగ చాలు, పాడకని చెప్పెటోళ్లు నాకు ఒక్కలు లేకుండిరి. దీనికి ఒక్కతి దొరికింది. ఆమెను తిడుతున్నవా?"

స్వామిదాసు ఇరవై రెండేళ్లుగా అది ఎవరి కళ్లో పడ్డ పాపమనే నమ్మాడు.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలేదవ్వా?"

"చెప్పనీకి గొంతేదిరా?"

పొయ్యి మీద రొట్టె మాడుతోంది. నిరోష దాన్ని దించింది. స్వామిదాసు తన జేబులోంచి ఫోన్ తీసి పాస్టరయ్యకు చేశాడు.

"అయ్యా, మా నిరోష పాడదు... లేదయ్యా, పొగరు గాదు. పిల్ల గొంతు నేనే కరాబు జేసిన. అడిగినోళ్లకు నా పేరే చెప్పుండ్రి."

నిరోష కళ్లలో నీళ్లు తిరిగాయి. 'బాపూ' అనబోయి పెదవులు విప్పింది. స్వామిదాసు గబుక్కున ఆమె నోటికి చేయి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డా, మాట్లాడకు," అన్నాడు.