మూడు చక్రాల గుర్రం

చిటపటకు ఎన్నేళ్లుగానో ఒక సందేహం. తాత వడ్రంగి. వీధిలో సగం ఇళ్ల తలుపులు ఆయన చేసినవే. మరి బీరువా మీది కర్రగుర్రానికి మూడే చక్రాలెందుకు? అడిగితే, "పనుంది, పోవే" అని కసిరేవాడు.

ఆ పిల్లకు ముక్కుమీదే కోపం. అందుకే ఇంటిల్లిపాదికీ చిటపట అయింది.

ఆదివారం మధ్యాహ్నం. మర్నాడు బడిలో పాతబొమ్మలు, కొత్తబొమ్మల ప్రదర్శన. ప్రతి బొమ్మ ముందూ ఎవరు చేశారో చీటీ పెట్టాలని టీచర్ చెప్పింది. తాత చేసిన గుర్రాన్ని, నాన్న చిన్నప్పటి కీ ఇచ్చే రేకు బస్సును చిటపట బల్లమీద పెట్టింది. పక్కన తమ్ముడి రిమోట్ కారు పెట్టబోయింది.

"నా కారు!" తమ్ముడు పట్టుకున్నాడు.

"ఒక్కరోజుకే కదరా, పిసినారీ!"

"అడక్కుండా తీశావుగా. ఇవ్వనంటే ఇవ్వను!"

చిటపట కారును గుంజుకుని నేలకేసి కొట్టింది. చక్రాలు ఒక మూలకి, వైర్లు ఒక మూలకి. తమ్ముడు ఏడవలేదు. ముక్కలవంక చూస్తూ నిలబడిపోయాడు.

నాన్న, తాత పరుగెత్తుకొచ్చారు.

"చేతులెలా వచ్చాయే నీకు?" నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"కర్రదైతే అతికించేవాణ్ణి. ఈ ప్లాస్టిక్‌ను నేనేం చెయ్యను?" తాత మండిపడ్డాడు.

చిటపట భగ్గుమంది. "గుర్రం కర్రదేగా! దాన్నెందుకు బాగుచెయ్యలేదు?"

జవాబు నాన్నే చెప్పాడు, "దాన్ని తాతే విసిరికొట్టాడు. నాకప్పుడు ఏడేళ్లు. పనికి అడ్డొచ్చానట. మర్నాడు ఈ బస్సు కొనిచ్చాడు. తప్పు నాదని మాట మాత్రం అనలేదు."

నాన్న గొంతులో కోపం అలాగే ఉంది. ఈసారి అది చిటపట మీద కాదు.

తాత తల దించుకున్నాడు. "చక్రం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని చెయ్యలేదురా. దేవుడు నోరిచ్చింది కసరడానికేనా? ముప్పై ఏళ్లయిపోయింది."

ముప్పై ఏళ్లా! తనూ అన్నేళ్లు ఊరుకుంటే, అప్పటికి తమ్ముడికి బట్టతల వచ్చేస్తుంది. చిటపట కింద కూర్చుని ముక్కలన్నీ ఏరింది.

"తప్పు నాదేరా."

"నీతో మాట్లాడను."

"సరే. రేపు ఈ ముక్కలే పెడతాను. 'విరగ్గొట్టింది అక్క' అని చీటీ రాస్తాను."

తమ్ముడు ఓరగా చూశాడు. "పెద్ద అక్షరాలతో రాయి."

సాయంత్రం తాత చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చి, కొత్త చక్రాన్ని నాన్న అరచేతిలో పెట్టాడు.

"ఆలస్యమైందిరా, నాన్నా."

నాన్న గుర్రాన్ని దగ్గరకు లాక్కున్నాడు. చక్రం బిగించి, బొజ్జతో సహా నేలమీద చతికిలబడి దాని మెడకున్న తాడు లాగాడు. గుర్రం కుంటకుండా గది దాటింది.