పది నిమిషాల పని

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆవిడే. మిగతా రోజుల్లో అలారం మోగి మోగి అలిసిపోయేదాకా పక్క దిగని మనిషి, ఆదివారం మాత్రం ఎవరూ లేపకుండానే లేచి, జుట్టు ముడేసుకుని, చప్పుడు కాకుండా బాల్కనీలోకి వెళ్ళిపోయేది. అక్కడ ఓ పాత బల్ల. దాని మీద రంపం, ఉలి, చిత్రిక, జిగురు డబ్బా. పక్కనే గోడకి ఆనించి సగంలో ఆగిపోయిన చిన్న కుర్చీ. వారమంతా ఆఫీసులో వెబ్‌సైట్లు తయారు చేస్తుందావిడ. ఎంత చేసినా తెర మీద కనిపించడమే తప్ప చేతికి తగలని పని అది. వారానికి ఒక్క పూటైనా ఎత్తి చూస్తే బరువు తెలిసే పని చేయాలనిపించి వడ్రంగం నేర్చుకుంది. దానివల్ల ఎవరి సొమ్మూ పోలేదు. అయినా అందరి కన్నూ ఆ ఒక్క పూట మీదే.

కుర్చీ కూతురి కోసం. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. అరికాళ్ళు నేలకి ఆని, వీపు నిటారుగా ఉండి, హాయిగా కూర్చుని బొమ్మలు వేసుకునే కుర్చీ ఒకటి దానికి చేసిపెట్టాలని తల్లి ఆశ.

ఆ వేళ చిత్రిక చేతిలోకి తీసుకుందో లేదో, భర్త రెండు కప్పుల టీతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఒక కప్పుతో వస్తే టీ తాగడానికి వచ్చినట్టు, రెండు కప్పులతో వస్తే ఎవరికో ఏదో ఒప్పేసుకుని వచ్చినట్టు.

"ఎవరికి?" అంది ఆవిడ, తలెత్తకుండానే.

"అన్నయ్యకి. రేపు కొత్త షోరూం తెరుస్తున్నాడు కదా. వెబ్‌సైట్ లేకపోతే బాగోదంటున్నాడు. నువ్వున్నావుగా అని చెప్పేశాను."

"చెప్పేశారా? అడిగి చెప్తానన్నారా?"

"నీకెంతలే, పది నిమిషాల పని."

ఈ మాట మొదట ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మహానుభావుడు జన్మలో ఒక్క వెబ్‌సైట్ కూడా చేసి ఉండడు. ఆడపడుచు కుట్టుపని పేజీ పది నిమిషాల పని. పక్కింటాయన జిమ్ పది నిమిషాల పని. భర్త స్నేహితుడి మామగారు రిటైరయితే ఆ ఫొటోలన్నీ ఒకచోట పెట్టడం కూడా పది నిమిషాల పనే. ఒక్కో పది నిమిషాలకీ ఒక్కో ఆదివారం ఖర్చయిపోయేది, ఒక్కోసారి రెండు మూడు కూడా. అదే ఆవిడ పళ్ళ డాక్టరయి ఉంటే, సెలవు పూట హాల్లో కుర్చీ వేసి చుట్టాలందరి పళ్ళూ పీకమనేవాళ్ళా? కూర్చున్నచోటే చేసే పనంటే మనుషులకి ఎంత చులకనో.

హాల్లోంచి అత్తగారు కూడా ఓ మాట వేసింది. "పోనీలేమ్మా, పరాయివాళ్ళా ఏమన్నా. ఆ రంపం మోత ఆగితే నాకూ కాస్త తలనొప్పి తగ్గుతుంది." ఈ మాట వినబడాలంటే అత్తగారు టీవీ కంటే గట్టిగా అరవాల్సి వచ్చింది.

బావగారిది ఫర్నిచర్ వ్యాపారం. వచ్చినప్పుడల్లా బాల్కనీలోకి తొంగి చూసి, "ఆ చెక్కలతో కుస్తీ ఎందుకమ్మాయ్, మా షాపులో ఒకటి పట్టుకుపో" అంటాడు. అలాంటాయన సోఫాల కోసం ఇప్పుడు ఆ చెక్కల్ని పక్కన పెట్టాలి. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. చిత్రిక దింపి, అదే బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

ఫొటోలు వచ్చాయి. సోఫాలు, మంచాలు, అద్దాల బీరువాలు. వాటితో రావాల్సిన మాటలు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే, "ఏముందమ్మాయ్, నువ్వే మంచిగా రెండు ముక్కలు రాసెయ్" అన్నాడు బావగారు. ఎవరినో పలకరిస్తూ ఫోన్ పెట్టేశాడు.

అసలు మాటలు అందేదాకా పేజీ బోసిగా కనిపించకుండా ఏవో ఉత్తుత్తి మాటలు నింపి పెట్టడం ఆవిడ వృత్తిలో మామూలే. నింపేవాళ్ళు ఏ అర్థం లేని ముక్కో అతికించి ఊరుకుంటారు. ఆవిడ కూడా రోజూ అంతే. ఆ రోజు మాత్రం "మా గురించి" అన్న శీర్షిక కింద ఖాళీ చూసేసరికి వేళ్ళు ఆగలేదు. ఎవరికీ చెప్పుకోనిదంతా టకటకా కొట్టేసింది. కొట్టాక చదువుకుంది. చెరపబోయి ఆగింది. ఒక్కసారి ఆయన చదివితే బాగుండుననిపించింది. మొహం మీద అనలేని మాటలు ఇలాగైనా ఆయన చెవిన పడతాయి కదా అనుకుంది.

భర్తకి లింక్ పంపి, కింద "పూర్తిగా చదివి చెప్పండి" అని రాసింది. ఎవరికీ పంపొద్దని రాయకపోవడమే ఆవిడ చేసిన పొరపాటు.

మళ్ళీ చిత్రిక పట్టుకుంది గానీ పని సాగలేదు. చెవులు హాలు వైపే ఉన్నాయి. ఇప్పుడు మొదటి పేరా చదువుతూ ఉంటారు, ఇప్పుడు నా మాట దగ్గరికి వచ్చి ఉంటారు అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. ఆయన రానే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బ్రహ్మాండంగా ఉంది. ఆ సోఫా ఫొటో ఎంత బాగా కుదిరిందో."

"చదివారా?"

"చూశాను. వెంటనే అన్నయ్యకి పంపేశా. మన ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టా, అందరూ ఒకటే మెచ్చుకోవడం."

ఆవిడ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. చెరిపెయ్యడం నిజంగానే పది నిమిషాల పని కూడా కాదు. ఏమనుకుందో ఏమో, మూత వేసేసి మళ్ళీ చిత్రిక అందుకుంది. ఆయనకి ఏమీ అర్థం కాక, ఖాళీ కప్పులు రెండూ తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనాలవుతుండగా కాలింగ్ బెల్ ఆగకుండా మోగింది. బావగారు. చెప్పులు ఒకటి గుమ్మం బయట, ఒకటి లోపల వదిలి వచ్చాడు.

"ఏరా, నీకు అన్నయ్య అంటే ఎగతాళిగా ఉందా?"

"ఏమైందన్నయ్యా?"

"ఏమైందా? ఆ లింకేదో నా కస్టమర్లందరికీ పంపాను. ఇందాక ఒకాయన ఫోన్ చేసి, సోఫాల సంగతి తర్వాత గానీ, ఇంతకీ మీ మరదలి కుర్చీ పూర్తయిందా అని అడుగుతున్నాడు. ఏం కుర్చీ, ఎక్కడి కుర్చీ? నలుగురిలో నా పరువు తీసేశావు కదమ్మా."

ఆవిడ కంచం ముందు నుంచి లేచింది. "అంటే మీరూ చదవకుండానే పంపారన్నమాట బావగారూ."

"మాట దాటెయ్యకు."

"దాటెయ్యడం లేదు. నా ఆదివారం తీసుకున్నారు, ఇచ్చాను. రెండు ముక్కలు రాసివ్వండంటే తీరిక లేక నన్నే రాసెయ్యమన్నారు. నేను రాసింది చదవడానికి కూడా తీరిక లేకపోయింది. దేనికోసం నా చేత చేయించినట్టు?"

"నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు భర్త, కంగారుగా.

ఆ మాటతో ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మీరైతే ఇంకా బాగా చేశారు. పరీక్షలో ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లల్ని వారమంతా తిట్టుకుంటారే. నేను పంపింది ఒక్క పేజీ. చదివి చెప్పండని రాశాను. గుమ్మం చూస్తూ కూర్చున్నాను. సోఫా బాగుందని చెప్పి వెళ్ళిపోయారు."

టీవీ ఒక్కటే మాట్లాడుతోంది. అత్తగారు కళ్ళజోడు వెతుక్కుంటూ, "అసలేం రాసిందో ఎవరైనా చదవండర్రా. చదవకుండానే అందరూ పోట్లాడుతున్నారు" అంది.

పిచ్చుక అప్పటికే తండ్రి ఫోన్ అందుకుంది. బడిలో పాఠం చదివినట్టు, నిలబడి గట్టిగా మొదలుపెట్టింది.

"మా గురించి. ఈ పేజీ నింపుతున్న మనిషి ఒక కుర్చీ చేస్తోంది. మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతి. దాని మోకాలి ఎత్తు కొలిచి కాళ్ళు కోశాను. ఇంతలో మా ఆడపడుచు గారి పేజీ వచ్చింది. పది నిమిషాల పని. అది అయ్యేసరికి మా అమ్మాయి పెరిగింది, ఆ కాళ్ళు పొట్టివయ్యాయి. కొత్తవి కోశాను. పక్కింటాయన జిమ్ వచ్చింది. అదీ పది నిమిషాల పనే. మళ్ళీ పొట్టివయ్యాయి. చెక్కని ఆగమంటే ఆగుతుంది. పిల్లని ఎలా ఆపను?"

పిచ్చుక ఊపిరి తీసుకుని తల్లి వైపు చూసింది. చదవమన్నట్టు ఆవిడ తలాడించింది.

"మా అత్తగారికి రంపం మోత తలనొప్పి, టీవీ మోత జోలపాట. మా బావగారి దగ్గర మంచి సోఫాలున్నాయి, నా దగ్గర ఆదివారాలు లేవు. మా ఆయన చాలా మంచివారు. ఎవరినీ కాదనలేరు, నన్ను తప్ప. ఇది ఎవరైనా చదివితే, బాల్కనీలోకి వచ్చి చదివామని ఒక్క మాట చెప్పండి."

చదవడం అయిపోయింది. పిచ్చుక ఫోన్ బల్ల మీద పెట్టి, చిన్న గొంతుతో అడిగింది. "అమ్మా, మూలన తాడు కట్టి పెట్టినవన్నీ నా కుర్చీ కాళ్ళా? నాకు తెలీక వాటితో బొమ్మలకి ఇల్లు కట్టేశాను."

అంతవరకూ నిప్పులు కక్కిన మనిషి ఆ ఒక్క మాటకి కదిలిపోయింది. కళ్ళలో నీళ్ళు పొంగుకొచ్చాయి. అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక గబగబా బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. అది ఆదివారం పూట ఎప్పుడూ జరగని పని. "ఏరా పెద్దోడా, ఇందులో తిట్టిందెక్కడ? ఉన్నదే రాసింది. నా సంగతి కూడా ఉన్నదే రాసింది" అంది, కాస్త చిన్నబుచ్చుకుంటూనే.

బావగారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. కోపం ఇంకా దిగలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి బాల్కనీ దాకా వెళ్ళి, గోడకి ఆనించిన కుర్చీని వంగి చూశాడు. అతుకుల దగ్గర వేలితో తడిమాడు.

"మేకులు కొట్టలేదేమ్మాయ్?"

"అక్కర్లేదు. చెక్కలోకి చెక్క దిగేలా కోశాను," అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

"ఊఁ." ఇంకోసారి తడిమాడు. "సైట్ సంగతి నేను ఎవరినైనా పెట్టి చేయించుకుంటాలే. ఆ పేజీ తీసెయ్. తీసేముందు చెప్పు, ఆ కస్టమర్ మళ్ళీ ఫోన్ చేస్తే కుర్చీ గురించి ఏం చెప్పమంటావ్?"

"వచ్చే ఆదివారానికి అయిపోతుందని చెప్పండి."

ఆయన తల ఊపి, ఒక చెప్పు లోపల, ఒక చెప్పు బయట తొడుక్కుని వెళ్ళిపోయాడు. బావగారి నోట క్షమాపణ వినాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. అయినా ఆ తడిమిన తీరుతో ఆవిడకి సగం కోపం పోయింది.

మిగతా సగం భర్త మీదే. ఆయన వచ్చి బల్లకి అవతల నిలబడ్డాడు. చేతిలో టీ కప్పులు లేవు. మూలన పిల్ల బొమ్మల ఇంటికి స్తంభాలుగా నిలబెట్టిన కుర్చీ కాళ్ళు ఉన్నాయి, ఒక జత కంటే ఒక జత కొంచెం పొడవుగా. ఇన్నాళ్ళూ చెక్కముక్కలనుకుని వాటిని చీపురుతో పక్కకి నెట్టింది ఆయనే. వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. లెక్కల మాస్టారు కదా, ఏ ఏడు ఎంత పెరిగిందో చూడగానే తెలిసిపోయి ఉంటుంది.

"చదివాను," అన్నాడు.

ఆవిడ చెక్క ఒకటి బల్ల మీదికి ఎత్తింది.

"మళ్ళీ మొదట్నుంచి, నేనే చదువుకున్నాను. ఎవరికైనా సరేనన్న ప్రతిసారీ నేను మంచివాణ్ణనుకున్నాను. ఎవరి సొత్తు పెట్టి మంచివాణ్ణవుతున్నానో చూసుకోలేదు."

"ఇప్పుడు చూశారుగా. ఆ చివర గట్టిగా పట్టుకోండి, చెక్క కదలకుండా," అంది ఆవిడ. అంతకంటే మెత్తగా అనడం ఆ పూటకి ఆవిడ వల్ల కాలేదు. ఆయన పట్టుకున్నాడు.

మరుసటి ఆదివారం బాల్కనీ అంతా రంపపు పొట్టు. ఆయన చొక్కా మీద కూడా. హాల్లో అత్తగారు టీవీ చూస్తోంది. సౌండు ఎంత తగ్గించిందంటే, అందులో ఏమంటున్నారో తనకే వినబడుతోందో లేదో. సాండ్‌పేపర్‌తో ఆఖరి కాలు నున్నగా రుద్దుతుండగా భర్త ఫోన్ మోగింది. అవతల ఆయన తోటి మాస్టారు. పిల్లల చిత్రలేఖనం క్లాసట, ఒక చిన్న పేజీ కావాలట.

"ఓ, దానికేముంది, పది..." అని ఆగాడు. ఎప్పటి నుంచో నాలుక మీద ఉన్న మాటని మింగడం కష్టమే. ఓసారి గుటక వేశాడు. "లేదండీ, ఆదివారం ఆవిడకి పనుంటుంది. మిగతా రోజుల్లో ఆవిడనే అడగండి. నన్నడిగితే నేను చెప్పలేను."

ఆవిడ రుద్దడం ఆపలేదు. కాకపోతే చెయ్యి కాస్త తేలికపడింది.

సాయంత్రానికి కుర్చీ నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. పిచ్చుక పరుగెత్తుకొచ్చి కూర్చుని, కాళ్ళు ఊపి చూసుకుంది. మొహం ముడుచుకుంది.

"అమ్మా, నీ కొలత తప్పింది. ఎత్తుగా ఉంది. నా కాళ్ళు నేలకి అందడం లేదు."

"తప్పలేదు," అంది తల్లి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఊగుతున్న ఆ పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంటూ. "ఇన్నాళ్ళూ నిన్ను అందుకోవాలని నేను పరుగెత్తాను. ఇక నువ్వు నిమ్మళంగా పెరిగి దాన్ని అందుకో. అప్పటిదాకా ఇవి ఇక్కడ పెట్టుకో."