రంగు తేలని రెక్కలు

"ఈ గుడ్డకేమైందండీ? ఇంకో పదేళ్ళు ఢోకా లేదు," అంటూ పళ్ళ డాక్టరు విమానం రెక్కని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగబడిపోయింది.

విమానాలు బాగుచేసే మెకానిక్ నిచ్చెన మీంచి చూసింది. "లాక్కోకండి, ఇంకా చిరుగుతుంది. వస్తున్నా ఉండండి."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వేలు జాగ్రత్తగా బయటికి తీస్తుంటే నిజానికి సిగ్గుపడాలి. ప్రేమలో పడ్డాడు.

విమానం డాక్టరు వాళ్ళ అమ్మమ్మది. వయసులో ఉన్నప్పుడు ఆవిడే నడిపేది. రెండు సీట్లు, చెక్క ఎముకలు, పైన గుడ్డ. వానలు మొదలయ్యేలోపు మళ్ళీ ఒక్కసారి అందులో ఎగరాలని ఆవిడ కోరిక.

"కాటనే వేయండి. పాత విమానానికి అదే మర్యాద," అన్నాడు, ఏదో వీడియోలో విన్నది వల్లిస్తూ.

"కాటన్ ఎండకి తొందరగా చివికిపోతుంది. పాలిస్టరైతే అతికించి, ఇస్త్రీపెట్టెతో వేడి చూపిస్తే బిగుసుకుంటుంది. చాలాకాలం మన్నుతుంది. కాకపోతే కాటన్ అందం దీనికి రాదు, ఆ మాట ఒప్పుకుంటా."

అమ్మమ్మకి ఫోన్ చేస్తే, "నేను ఎక్కాల్రా దాన్ని, గాజుపెట్టెలో పెట్టడానికి కాదు," అంది. పాలిస్టర్ ఖాయమైంది.

గుడ్డ బిగిసింది. ఎండ దిగకుండా వెండి పూత పడింది. ఇక పైరంగు తేల్చాలి. తేల్చేస్తే మెకానిక్ షెడ్డుకి వెళ్ళే పనుండదు. ఇంత తెలివి పరీక్షల్లో వచ్చుంటే అతగాడు గుండె డాక్టరయ్యేవాడు.

"మీగడ రంగు," అన్నాడు. మర్నాడు, "నీలం." ఆపైన, "నీలమే, కానీ మెరవకూడదు."

"డాక్టర్ గారూ, పళ్ళు కూడా ఇలాగే పీకుతారా? ఇది కాదు, అది అనుకుంటూ?"

"అన్నిసార్లూ కాదండీ."

తీరా రంగు స్ప్రే చేసిన రోజే వాన పట్టుకుంది. గాలిలో తేమకి నీలం రెక్కలు బూజు పట్టినట్టు తెల్లబడ్డాయి.

"పోయిన వారం వేసుంటే ఈపాటికి ఆవిడ ఎగిరేది," అంది మెకానిక్. "ఎందుకండీ అన్నిసార్లు మార్చారు?"

"మిమ్మల్ని చూడ్డానికి."

ఆమె బుగ్గలు ఎర్రబడతాయని ఆశపడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆ మాట నాతో ఎప్పుడైనా చెప్పొచ్చు. ముందు ఆవిడకి చెప్పండి."

చెప్పాడు. అమ్మమ్మ తిట్టలేదు. "నాకు ఇంకెన్ని వేసవులున్నాయిరా?" అని మాత్రం అంది.

ఆ తర్వాత రోజూ క్లినిక్ మూసేసి వచ్చి, తడిపిన ఉప్పుకాగితంతో పాలిపోయిన పూతంతా రుద్దాడు. భుజాలు పట్టేశాయి. "ఎముకల మీద గట్టిగా రుద్దకండి, గుడ్డ తెగుతుంది," అంటూ ఒకరోజు ఆమే రెండో రెక్క అందుకుంది.

వానలు తెరిపిచ్చాక మళ్ళీ రంగు వేశారు. పైలట్ లైసెన్సు కూడా ఉన్న మెకానిక్ నడుపుతుంటే అమ్మమ్మ ముందు సీట్లో కూర్చుని ఎగిరింది. అతగాడు కింద మెడ నొప్పెట్టేదాకా చూస్తూ నిలబడ్డాడు.

దిగుతూనే అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంజన్ మోతలో గొంతు చించుకుని అడిగానురా. నువ్వంటే ఇష్టమేనట. నాకూ నచ్చింది పిల్ల. ఈసారి మాత్రం మనసు మార్చుకోకు."

మెకానిక్ నవ్వు ఆపుకుంటూ టోపీ తీసింది. "పనైపోయింది కదా, రేపట్నుంచి ఏ వంకతో వస్తారు?"

"వంకలేవీ లేవండీ."

"అయితే రండి."