శుక్రవారం నాటి ఫ్యాక్స్

పోచారం ప్రాజెక్టు కట్ట దగ్గర సోమవారం పొద్దున శవం తేలింది.

ముందు చూసింది చేపలు పట్టేవాళ్లు. కబురు అందేసరికి ఎల్లారెడ్డి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ స్వామిదాసు గడ్డం గీసుకుంటున్నాడు. సగం గడ్డంతోనే జీపెక్కాడు.

శవం ఖయ్యూంది. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఊరు ఎల్లారెడ్డి. సౌదీలోని దమ్మామ్‌లో ఆరేళ్లు పనిచేసి వచ్చి, కామారెడ్డి బస్టాండ్ ఎదురుగా గల్ఫ్ ఏజెంటు ఆఫీసు పెట్టుకున్నాడు. కట్ట మీద అతని స్కూటర్ స్టాండు వేసి ఉంది. పక్కనే చెప్పులు. జతగా, బుద్ధిగా పెట్టి ఉన్నాయి.

హెడ్ కానిస్టేబుల్ వెంకటి కేసును అక్కడికక్కడే తేల్చిపారేశాడు. దుబాయి, దమ్మామ్ పోతామని ఆశపడ్డ పాతిక మంది ఖయ్యూం చేతికి పాస్‌పోర్టులిచ్చారు. రెండు నెలలైంది. వీసాలు లేవు, పాస్‌పోర్టులూ లేవు. శనివారం జనం ఆఫీసు మీద పడి అద్దాలు పగలగొట్టారు. ఆదివారం సాయంత్రం నుంచి మనిషి కనబడలేదు.

"మొహం చెల్లక దుంకిండు సార్. గంతే."

స్వామిదాసు శవం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పాలిథిన్ కవర్ దొరికింది. గట్టిగా మడిచి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. లోపల ఒక ఫ్యాక్స్ కాగితం. నీటిచుక్క కూడా తగల్లేదు.

దమ్మామ్‌లోని ఒక కంపెనీ పంపిన ఫ్యాక్స్ అది. పాస్‌పోర్టులన్నీ భద్రంగా ఉన్నాయి, వీసాలకు ఇంకో నెల పడుతుంది అని నాలుగు వరుసల ఇంగ్లీషు. కాగితం పై అంచున సన్నటి అక్షరాల్లో కంపెనీ పేరు, ఫోన్ నంబరు, తేదీ, టైం. తేదీ పది రోజుల కిందటిది, టైం 11.55. తేదీ చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. కాగితం చిరిగేంత గట్టిగా చుట్టారు.

ముసురు పడుతోంది కదా, తడవకుండా పెట్టుకున్నాడేమో అన్నాడు వెంకటి.

"చావడానికి పోయేవాడికి కాగితం తడిస్తే ఏమిటయ్యా?" అన్నాడు స్వామిదాసు. "ఎవరికో చూపించడానికి పట్టుకొచ్చాడు."

ఎల్లారెడ్డి ఆస్పత్రి డాక్టరు తల వెనక దెబ్బ ఉందన్నాడు. నీళ్లు మింగి చనిపోయాడన్నాడు. దెబ్బ ఎవరైనా కొట్టిందా, కట్ట రాళ్లకు తగిలిందా అంటే మాత్రం భుజాలెగరేశాడు. డాక్టర్లకు భుజాలు ఎందుకిచ్చాడో దేవుడు!

పది గంటలకు స్వామిదాసు ఖయ్యూం ఇంటికి వెళ్లాడు.

చావు జరిగిన ఇంటి ముందు ఒక్క మనిషి లేడు. వాడకట్టులో తలుపులన్నీ దగ్గరికేసి ఉన్నాయి. ఖయ్యూం బావమరిది లతీఫ్ ఒక్కడే గడప మీద కూర్చున్నాడు. వితంతువు పరాయి మగవాళ్లకు కనబడకూడదు కాబట్టి ఖయ్యూం భార్య రఫియా పరదా వెనక నుంచే మాట్లాడింది.

ఏడుపు గొంతు కాదు. ఎండిపోయిన గొంతు.

అసర్ నమాజు తర్వాత, అంటే సాయంత్రం ఐదు దాటాక, మట్టి చేయాలని చెప్పింది. లతీఫ్ పొద్దుటి నుంచి ఇంటింటికీ తిరిగాడట. మోసగాడి జనాజా మోయడానికి భుజం పట్టేది లేదని మొహం మీదే అన్నారట. ఆత్మహత్య అని కూడా తోడైంది. ఇక ఎవరొస్తారు?

"సారు, మట్టి చేసినంక ఏ నాలుగు నెలలకో నిజం తెలిస్తే నాకేం లాభం? నా మనిషిని మొయ్యనీకి మనుషులు కావాలె. ఆయన ఎవల్ని మోసం చెయ్యలె. అసర్ లోపల తేల్చుండ్రి."

అంత నమ్మకంగా ఎలా చెబుతున్నావమ్మా అని అడిగాడు స్వామిదాసు. ఆ పాతికలో తన తమ్ముడు లతీఫ్ పాస్‌పోర్టు కూడా ఉందని చెప్పింది. సొంత బావమరిదిని ముంచేవాడు ఊళ్లో ఉంటాడా?

"పాస్‌పోర్టులు ఎవరు తీసుకెళ్లారు?"

"పురుషోత్తం సారు. మా ఆఫీసు మీద కంప్యూటర్లు నేర్పిస్తడు. ఈయన దోస్తు. కంప్యూటర్ సామాను తేనీకి బొంబాయి పోతున్నడని ఆయన చేతికిచ్చిండు. బొంబాయిల కంపెనీ మనిషికి ఇయ్యిమని ఫ్యాక్స్ వచ్చింది."

స్వామిదాసు జేబులోంచి ఆ కాగితం తీసి లతీఫ్‌కిచ్చాడు. లతీఫ్ కూడా దమ్మామ్‌లో నాలుగేళ్లున్నవాడు. శనివారం బావతో గొడవపడి, నా పాస్‌పోర్టు నాకియ్యి అని నలుగురిలో కేకలేశాడని వెంకటి దారిలోనే చెప్పాడు. అందుకని స్వామిదాసు అతని మొహాన్నే చూస్తున్నాడు.

లతీఫ్ ఎర్ర సున్నాలోని తేదీ చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. మళ్లీ ఒకసారి లెక్కేసుకున్నాడు.

"సార్, గీ తేదీ జుమ్మా."

"శుక్రవారమా? అయితే?"

"జుమ్మానాడు గాడ కంపెనీలు బంద్ ఉంటయి. గా టైంల అయితే మసీదుల ఖుత్బా, గదే నమాజు ముందటి ప్రసంగం, నడుస్తది. కిరాణం దుకాణం గూడ తెరవరు. తెరిస్తే పోలీసులు పట్కపోతరు. గప్పుడు కూసోని ఫ్యాక్స్ కొట్టేటోడు దమ్మామ్‌ల ఉండడు."

పరదా ఒక్కసారి కదిలింది. ఖయ్యూంకు ఆరేళ్ల దమ్మామ్ అలవాటు. తేదీ చూడగానే అతనికీ అదే తట్టింది.

స్వామిదాసు కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఫ్యాక్స్ నకిలీది. కానీ అంతమాత్రాన ఖయ్యూం బయటపడడు. దొంగ ఫ్యాక్సులు తనకు తానే పుట్టించుకుని జనాన్ని మభ్యపెట్టాడనొచ్చు. పంపిన చెయ్యి దొరకాలి. అదీ సాయంత్రం లోపల.

జీపు కామారెడ్డి చేరేసరికి పన్నెండున్నర.

ఖయ్యూం ఆఫీసు పక్కనే రాజేశం ఎస్టీడీ బూత్. ఆ వీధిలో ఫ్యాక్స్ మెషిన్ ఉన్న ఇంకో చోటు అదే. రాజేశం మెషిన్ చూపించాడు. దానిమీద దుమ్ము వేలు మందం. చెడిపోయి మూడు వారాలైందట, బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచి రావాలట. వచ్చినప్పుడు కదా!

"కాగితం పైన పడే పేరు ఎక్కడి నుంచి వస్తుంది?"

పంపే మెషిన్‌లో ఏ పేరు రాసిపెడితే ఆ పేరే పడుతుందని రాజేశం చెప్పాడు. ఫోన్ నంబరూ అంతే. టెలిఫోన్ శాఖకు దానితో సంబంధం లేదు.

స్వామిదాసు తలెత్తి పైఅంతస్తు చూశాడు. పురుషోత్తం కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. కిటికీలోంచి ఒక ఫోన్ తీగ లోపలికి పోయింది.

ఇక్కడ స్వామిదాసు గురించి ఒక ముక్క చెప్పాలి. హైదరాబాద్ పోలీసు కంప్యూటర్ విభాగంలో మూడేళ్లు చేసి, పైఅధికారితో పడక ఎల్లారెడ్డికి వచ్చిపడ్డాడు. అక్కడ నేర్చిన విద్య ఇక్కడ బర్రెలు కాయడానికి కూడా పనికిరాదని స్టేషన్‌లో వెనక నవ్వుకునేవారు. అది 1999. కామారెడ్డిలో కంప్యూటర్ అంటే జనానికి సగం టీవీ, సగం టైపు మిషన్.

రెండు గంటలకు ఇన్‌స్టిట్యూట్‌లో నలుగురిని కూర్చోబెట్టాడు. పురుషోత్తం, రాజేశం, జీపులో వెంట వచ్చిన లతీఫ్, నాగిరెడ్డిపేట రైతు భూమయ్య. భూమయ్య కొడుకు పాస్‌పోర్టూ పోయింది. శనివారం మొదటి రాయి వేసింది అతనే. ఖయ్యూం చచ్చి తప్పించుకున్నాడని పొద్దుటి నుంచి తిడుతూనే ఉన్నాడు.

పురుషోత్తం నిబ్బరంగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. దోస్తు పోయాడని కళ్లు తుడుచుకున్నాడు. ఖయ్యూం చెప్పిన మనిషికే బొంబాయిలో సంచి ఇచ్చానని, అందులో తన తప్పేమీ లేదని చెప్పాడు.

"కంప్యూటర్‌కు మోడెమ్ ఉందా?"

"ఉంది సార్. ఇంటర్నెట్ కోసం."

"ఫ్యాక్స్ పంపుతారా?"

"జన్మలో పంపలేదు. దానికి వేరే ప్రోగ్రామ్ కావాలి. నా దగ్గర లేదు."

"ఆదివారం ఇక్కడికి వచ్చారా?"

"సెలవు కదా సార్. ఇంట్లోనే ఉన్న."

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే. ఒక్కటే తాళం."

ఫోన్ లైనుకు కలిపే మోడెమ్ తగిలించిన కంప్యూటర్ ఒకటే. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి దానిలో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు పురుషోత్తం. స్వామిదాసు అడగ్గానే తనే మెషిన్ ఆన్ చేశాడు. ఫ్యాక్స్ ప్రోగ్రామ్ పేరు కొట్టి చూపించాడు. అలాంటిది లేదని తెర మీద జవాబు వచ్చింది.

"చూసిండ్రు కదా సార్."

"చూశాను. లేవండి, నేను కూర్చుంటా."

స్వామిదాసు కుర్చీ లాక్కున్నాడు. ఆ మెషిన్‌లో ఎక్కించిన ప్యాకేజీలన్నీ చూపించమని ఒక కమాండ్ కొట్టాడు. ప్యాకేజీ అంటే ఒక ప్రోగ్రామ్, దానికి సంబంధించిన ఫైళ్లూ కట్టిన మూట. తెర నిండా వరుసలు దిగాయి. ప్రతి వరుస ముందూ ఐఐ అని రెండక్షరాలు. ఎక్కించారు, పనిచేస్తోంది అని దానర్థం. వరుసలు జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగాయి.

ఆ ఒక్క వరుస ముందు ఐఐ లేదు. ఆర్‌సి అని ఉంది. పక్కన ఫ్యాక్స్ ప్రోగ్రామ్ పేరు.

"ఇదేమిటి పురుషోత్తం గారూ?"

"తీసేసిన సార్. ఎప్పుడో... ఊరికే ఎక్కించి తీసేసిన."

"ఆర్ అంటే తీసేశారని. సి అంటే?"

పురుషోత్తం జేబులో పెన్ను తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

స్వామిదాసు భూమయ్య వైపు తిరిగాడు. అర్థం కావాల్సింది అతనికి. కిరాయికున్నవాడు సామాను సర్దుకుని పోయినా, తలుపు మీద తన పేరు చెక్క వదిలేసి పోతాడు చూడు, ఇదీ అంతే అని చెప్పాడు. లైనక్స్‌లో రిమూవ్ అంటే ప్రోగ్రామ్ ఒక్కటే పోతుంది. దానికి మనం పెట్టుకున్న సెట్టింగుల ఫైలు, అంటే కాన్ఫిగ్ ఫైలు, సి అంటే అదే, అలాగే ఉంటుంది, రేపు మళ్లీ ఎక్కిస్తే పనికొస్తుందని. చెక్క కూడా పీకెయ్యాలంటే పర్జ్ అని వేరే కమాండ్ ఉంది. అది కొట్టాలి. ఈ సారు కొట్టలేదు.

ఆ సెట్టింగుల ఫైలు తెరిచాడు. పంపేవారి పేరు ఉండాల్సిన చోట దమ్మామ్ కంపెనీ పేరు. నంబరు ఉండాల్సిన చోట దమ్మామ్ నంబరు. జేబులోంచి ఫ్యాక్స్ తీసి తెర పక్కన పెట్టాడు. అక్షరం తేడా లేదు.

రాజేశం వంగి రెంటినీ పోల్చి చూశాడు.

"పిల్లలెవరో చేసి ఉంటరు," అన్నాడు పురుషోత్తం. చొక్కా చంకల కింద తడిసిపోయింది.

"మెషిన్ మీద పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ లేకుండా పిల్లలు ప్యాకేజీ ఎక్కించలేరు, తీయలేరు. అది ఎవరికి తెలుసు?"

పురుషోత్తం జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

స్వామిదాసు ఇంకో కమాండ్ కొట్టాడు. ఆ ప్యాకేజీ రికార్డు చివరిసారి మారిన టైం తెర మీదికి వచ్చింది. ఆదివారం రాత్రి 9.40.

"ఇంట్లో ఉన్నానన్నావు. తాళం ఒక్కటే అన్నావు. శవం దొరికింది సోమవారం పొద్దున. ఆదివారం రాత్రి ఖయ్యూం చచ్చాడని ఈ లోకంలో ఎవరికీ తెలియదు. మరి ఆ రాత్రే ఫ్యాక్స్ ప్రోగ్రామ్ తీసేయాల్సిన అవసరం ఎవరికొచ్చింది?"

పురుషోత్తం తలుపు వైపు చూశాడు. తలుపులో వెంకటి నిలబడి ఉన్నాడు. వెంకటి శరీరం తలుపు కంటే రెండంగుళాలు వెడల్పు.

"దమ్మామ్‌కు మనకు రెండున్నర గంటల తేడా ఉందని ఫ్యాక్స్ కొట్టేటప్పుడల్లా కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పావు. తెలివే. కానీ ఆ దేశంలో సెలవు ఆదివారం అనుకున్నావు చూడు, అక్కడ దొరికావు."

ఇక ఎంతోసేపు పట్టలేదు. బొంబాయిలో పాస్‌పోర్టులు కొనే ముఠా ఒకటి పురుషోత్తంకు తగిలింది. మొదటి ఫ్యాక్స్ నుంచి చివరిదాకా పైఅంతస్తు నుంచి కింది అంతస్తుకే పంపాడు. ఖయ్యూంకు అనుమానం వచ్చి కాగితం పట్టుకుని నిలదీశాడు. బొంబాయి మనిషి పోచారంలో దిగాడు, వెళ్లి అడుగుదాం రా అని పురుషోత్తం అతన్ని అతని స్కూటర్ మీదే తీసుకెళ్లాడు. కట్ట మీద తల వెనక కొట్టి నీళ్లలోకి తోసి, చెప్పులు జతగా పెట్టి, బస్సెక్కి తిరిగొచ్చాడు.

"పోలీసుల దగ్గరికి పోత అన్నడు సార్. నా బతుకు బజార్న పడ్తదని భయమైంది."

లతీఫ్ ఒక్క ఉదుటున లేచాడు. వెంకటి అడ్డం పడకపోతే ఏమయ్యేదో. మా బావ బతుకు సంగతేంది అని మాత్రం అరవలేదు లతీఫ్. కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు. నా బావను నలుగురిల దొంగ అన్న అని గొణుక్కున్నాడు.

పాస్‌పోర్టులు చేతులు మారి ఎక్కడికో పోయాయి. దొరుకుతాయని మాటివ్వలేనని స్వామిదాసు భూమయ్యతో చెప్పేశాడు. భూమయ్య తల ఊపాడు. టైం ఎంతైందని మాత్రం అడిగాడు. మూడు దాటింది అనగానే కండువా భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఎల్లారెడ్డి మసీదు ముందు జనాజా దించారు. నమాజుకు ముందు అలవాటు ప్రకారం లతీఫ్ నిలబడ్డాడు. మా బావ ఎవరి మనసన్న నొప్పిస్తే మాఫ్ చేయుండ్రి అని అడగాలి. రెండు మాటలే అన్నాడు.

వరుసల వెనక, తన ఊరివాళ్లతో నిలబడిన భూమయ్య గొంతు వినిపించింది.

"నువ్వు అడుగకు బాబూ. మాఫీ మేం అడగాలె ఆయన్ని. రాయి నేనే ఏసిన."

చీకటి పడ్డాక స్వామిదాసు ఆ ఇంటికి వెళ్లాడు. హంతకుడు దొరికాడని, ఒప్పుకున్నాడని చెప్పాడు. రఫియా హంతకుడి పేరు కూడా అడగలేదు. పరదా వెనక నుంచి లతీఫ్‌ను పిలిచింది.

"మొయ్యనీకి మనుషులు సరిపోయిండ్రా?"

"మసీదు ముందట జాగ చాల్లె అక్కా. రోడ్డు మీద దాంక నిలబడ్డరు. నాకు భుజం పట్టే వంతే రాలె."

అప్పుడు రఫియా ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. స్వామిదాసు టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ ఏడుపు ఆగేదాకా గడప బయటే నిలబడ్డాడు.