పెద్ద చాక్లెట్ల ఇల్లు

ఉదయం ఏడింటికి లోర్నా పెనం మీద మూడో అట్టు తిరగేస్తుంటే, మనవడు రూబెన్ కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చుని ఆమె వీపుతో మాట్లాడుతున్నాడు.

"నానమ్మా, గుమ్మడికాయ బొమ్మ ఎప్పుడూ ఎందుకు నవ్వుతుంటుంది?"

"ఎందుకంటావ్?"

"బుర్రలో గుజ్జంతా తీసేశారుగా. ఇంక దానికి దిగులేముంది?"

లోర్నా నవ్వింది. ఆరేళ్ళవాడికి ఆ మాత్రం జోకు ఎక్కువే. "బాగుందిరా. ఎవరు నేర్పారు?"

"నేనే అనుకున్నాను. ఇవాళ సాయంత్రం చెప్పాలిగా. జోకు చెప్పకపోతే చాక్లెట్ పెట్టరంట. పక్కింటి హాటీ చెప్పింది."

ఆస్పత్రి ల్యాబ్‌లో డ్యూటీకి తయారై వచ్చిన మారిసోల్ కొడుకు తల దువ్వుతూ అంది, "ఇవాళ కాదు నాన్నా, రేపు. హాలోవీన్ ముప్పై ఒకటిన. నీ వ్యోమగామి డ్రెస్సు కూడా రేపు మధ్యాహ్నమే వస్తుంది. అయినా జోకెందుకు? గుమ్మం ముందు నిలబడితే వాళ్ళే పెడతారు."

"అందరూ ఇవాళే అంటున్నారమ్మా."

మారిసోల్ అత్తగారి వైపు చూసింది. "రేపే కదా అత్తయ్యా?"

నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. లోర్నా అట్టు కంచంలో వేసి, "కాలెండర్లో అలాగే ఉంది మరి," అంది.

కాలెండర్లో అలాగే ఉంటుంది. కాని అమెరికాలో, అయోవాలోని ఆ ఎల్క్‌ఫోర్డ్ ఊళ్ళో పిల్లలు హాలోవీన్ వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరిగేది ముప్పయ్యో తారీఖున. తాతల నాటి నుంచీ అంతే. బిచ్చగాళ్ళ రాత్రి అంటారు దాన్ని. ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగితే మొదలు, ఎనిమిదింటికి మళ్ళీ మోగితే సరి. వాకిట్లో దీపం వెలుగుతున్న ఇంటి ముందు వేషంతో నిలబడి, ఒక జోకు చెప్పి, చాక్లెట్ పుచ్చుకోవాలి. ఊరికే ఇచ్చేది లేదు. రెండు నెలల కిందట టెక్సస్ నుంచి వచ్చిన కోడలికి ఇదంతా ఎలా తెలుస్తుంది? కొడుకు కర్ట్‌కి తెలుసు. కాని మొక్కజొన్న కోతల కాలం, ధాన్యం గిడ్డంగిలో వాడికి తెల్లవారిందీ పొద్దుగూకిందీ తెలియడం లేదు.

గొడవ రెండు వారాల కిందట మొదలైంది. మారిసోల్ మంచి మనసుతోనే అంది: "ఈసారి చాక్లెట్ల సంగతి నాకొదిలెయ్యండి అత్తయ్యా. అంత పెద్దవి ఎందుకు? పిల్లల పళ్ళు పాడవుతాయి. చిటికెడంతవి ఉంటాయి, అవి చాలు."

ముప్పయ్యారేళ్ళుగా ఆ గుమ్మంలో లోర్నా ఇచ్చింది పెద్ద స్నికర్స్ చాక్లెట్లే. భర్త వెర్లిన్ ఉన్నప్పుడు ఆయన జోకులు వినేవాడు, ఆమె పంచేది. పొరుగువీధి పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చేవారు. చిటికెడంతవి చాలట! ఆ మాట ఆమెకి గొంతులో ముల్లులా దిగింది. పైకి మాత్రం "నీ ఇష్టం" అంది. పైకి నీ ఇష్టం అన్న అత్తగారిని ఏ దేశంలోనూ నమ్మకూడదు.

ఆ మర్నాడే రూబెన్ బడిసంచిలో పసుప్పచ్చ కాగితం వచ్చింది: బిచ్చగాళ్ళ రాత్రి ముప్పయ్యో తారీఖున, ఆరు నుంచి ఎనిమిది దాకా, జోకు నేర్చుకోవలెను. సంచి సర్దేది లోర్నాయే. చదివింది, మడిచింది, వంటింటి సొరుగులో తువ్వాళ్ళ అడుగున పెట్టేసింది. పిల్లలు బిలబిలా వస్తారు, కోడలి చేతిలో ఏమీ ఉండదు, "అత్తయ్యా, ఏం చెయ్యాలి?" అంటుంది. అప్పుడు తను తాపీగా నేలమాళిగలోకి దిగి, దాచిన పెద్ద చాక్లెట్ల పెట్టె పట్టుకొస్తుంది. ఇదీ ఆమె లెక్క.

సాయంత్రం పావు తక్కువ ఆరింటికి లోర్నా ఎవరూ చూడకుండా వాకిట్లో దీపం వేసింది. ఆరింటికి సైరన్ కూసింది. అయిదు నిమిషాలకల్లా గంట మోగింది. మారిసోల్ తలుపు తీస్తే ఎదురుగా మంత్రగత్తె టోపీ పెట్టుకుని పక్కింటి హాటీ.

"అస్థిపంజరం విందుకి ఎందుకు వెళ్ళలేదో తెలుసా ఆంటీ? తిన్నదంతా కింద పడిపోతుంది కనక!"

చెప్పేసి సంచి చాపింది. మారిసోల్ ఆ సంచి వంకా, వీధిలో వస్తున్న దయ్యాలూ డైనోసార్ల వంకా చూస్తూ నిలబడిపోయింది. మెట్ల కింద ఉన్న హాటీ తల్లి జోలీన్ అడిగింది, "రూబెన్ తయారవలేదా? రెండు వారాల కిందటే బడి నుంచి పసుప్పచ్చ కాగితం వచ్చిందిగా."

లోర్నా ఎదురుచూసిన ఘడియ అదే. కోడలి ముఖం తను అనుకున్నట్టే పాలిపోయింది. కాని ఆ వెనకే, కిటికీ అద్దానికి నుదురు ఆనించి, ఇంట్లో వేసుకునే చారల పైజమాలో రూబెన్ నిలబడి ఉన్నాడు. వాడు ఏడుపు ఆపుకుంటున్నాడు.

"నేను చెప్పాను కదమ్మా."

మారిసోల్ వాడి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "తప్పు నాదే నాన్నా. నువ్వు చెప్పినా వినలేదు. నీ సంచి కూడా ఒక్కరోజైనా చూసిన పాపాన పోలేదు నేను."

ఆ మాటంటూనే ఆమె ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి అత్తగారిని చూసింది. "సంచి సర్దేది మీరు కదా అత్తయ్యా."

లోర్నాకి అబద్ధం నోటిదాకా వచ్చింది. వాడి నుదుటి తడి ఇంకా అద్దం మీద ఉంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి సొరుగు తెరిచి, తువ్వాళ్ళ అడుగు నుంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

మారిసోల్ చదివింది. గొంతు పెంచలేదు. "నామీద కోపముంటే నన్ను నాలుగు తిట్టండి, పడతాను. వాడేం చేశాడు? పొద్దున ఆ జోకు ముందుగా చెప్పింది మీకే."

"వాడి సంగతి తట్టలేదు."

"తట్టలేదా?"

"నీ ముఖం ఎలా అవుతుందా అని చూడాలనుకున్నాను. వాడి ముఖం గుర్తుకు రాలేదు." లోర్నా కుర్చీ వెన్ను పట్టుకుంది. "కింద ఒక పెట్టె ఉంది. తెస్తానుండు."

"అక్కర్లేదు." మారిసోల్ తాళాలు తీసుకుని బయటికి వెళ్ళింది. కారు డిక్కీ చప్పుడైంది. రెండు పెద్ద పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండిట్లోనూ పెద్ద స్నికర్సే.

"నిన్న కొన్నాను. బడి దగ్గర ప్రతివాళ్ళూ మనింటిని పెద్ద చాక్లెట్ల ఇల్లు అంటున్నారు. మీతో అలా అన్నందుకు సిగ్గేసింది. రేపు పొద్దున మీ చేతికిద్దామనుకున్నాను."

లోర్నా ఆ పెట్టెల వంక చూసింది. పంచాల్సింది తనేనని ఈ పిల్ల ఒప్పుకుని, పెట్టెలు మోసుకొచ్చి పెట్టింది. తనేమో కాగితం దాచింది.

ఆమె వెనకగదిలోకి వెళ్ళింది. అక్కడ మేకుకి, తేనెటీగలు పెంచేటప్పుడు వెర్లిన్ వేసుకున్న కోటు వేలాడుతోంది. తెల్లటి మందం గుడ్డ, తలకి వల ముసుగు. ఆయన పోయిన రెండేళ్ళలో దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కత్తెర తీసుకుని మోచేతుల దగ్గర కోటు చేతులు రెండూ కత్తిరించింది. అంచు కూడా మూరెడు కోసేసింది. తెచ్చి రూబెన్‌కి తొడిగి, ముసుగు దించింది.

"వ్యోమగామివి. పద."

వాడు కిందకీ మీదకీ చూసుకున్నాడు. "చంద్రుడి మీద తేనెటీగలుంటాయా?"

"ఏమో. నువ్వెళ్ళి చూసొచ్చి చెప్పు."

వాడు ముక్కు తుడుచుకుని హాటీ వెంట పరుగెత్తాడు. వెనకే మారిసోల్ వెళ్ళింది, కోసిపడేసిన తెల్ల గుడ్డముక్కల్ని ఒకసారి చూసి.

ఎనిమిది దాకా లోర్నా ఒక్కతే జోకులు విని పంచింది. ఒక్క జోకు కూడా చెవికెక్కలేదు.

రెండో సైరన్ మోగాక వాళ్ళు వచ్చారు. రూబెన్ చాక్లెట్లన్నీ తివాచీ మీద కుమ్మరించి రకాలవారీగా పేర్చాడు. వేరుసెనగ ముద్దవి వాడివి, కొబ్బరివి నాన్నవి, ఎవరికీ అక్కర్లేని, మొక్కజొన్న గింజల్లాంటి చక్కెర బిళ్ళలు, కాండీ కార్న్, ఒక మూలకి. లోర్నా శాలువా కప్పుకుని బయటికి నడిచి, తలుపు మూసి, గంట నొక్కింది.

రూబెన్ తీశాడు. వెనక మారిసోల్ నిలబడింది.

"నానమ్మా, జోకు చెప్పాలి."

"చెప్తాను. ఒక ముసలమ్మకి అన్నీ తెలుసు. ఊరూ తెలుసు, తారీఖూ తెలుసు. అయినా ఆ ఊళ్ళోకల్లా పెద్ద మూర్ఖురాలు ఆవిడే. ఎందుకో చెప్పు?"

"ఎందుకు?"

"తన పేరు నిలబెట్టుకోవాలని, తన మనవణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టింది." ఆమె తలెత్తి కోడలి వంక చూసింది. "తప్పు చేశానమ్మా మారిసోల్."

రూబెన్ ఆలోచించాడు. "ఇది నవ్వొచ్చేది కాదు నానమ్మా."

"కాదు," అంది మారిసోల్. ఆమె కళ్ళు కూడా నిండాయి. తివాచీ మీది కుప్పలోంచి ఒకటి వెతికి తీసి, అత్తగారి అరచేతిలో పెట్టింది. చిటికెడంత స్నికర్స్. "ఈ జోకుకి ఇదే ఎక్కువ అత్తయ్యా. వచ్చే ఏడు మంచిది చెప్పండి, పెద్దదిస్తాను."

వచ్చే ఏడు. లోర్నా ఆ మాటని పట్టుకుని గుమ్మంలోనే ఏడ్చింది. తర్వాత చాక్లెట్ మీది కాగితం విప్పి, దాన్ని నోట్లో వేసుకుంది. ఒక్కసారి నమిలేసరికే అయిపోయింది. వాకిట్లో దీపం ఆర్పి లోపలికి వచ్చింది.